స్టూలెక్కేది ఎవరు?

మన ఇళ్లలో పనుల పంపకం చూస్తే ఒక్కోసారి నవ్వొస్తుంది. గ్యాస్ సిలిండరు అయిపోతే కొత్తదాన్ని వరండాలోంచి దొర్లించుకొచ్చి, సీలు తీసి, లోపల వాషరు ఉందో లేదో చూసి రెగ్యులేటరు బిగించేది మనమే. కుక్కరు గాస్కెట్టు వదులైతే మార్చేది మనమే. సేఫ్టీ వాల్వు పోతే స్టీలు సామాన్ల అంగడికి వెళ్లి, సరిగ్గా మన కుక్కరుకు సరిపోయేదాన్ని ఏరుకొచ్చేది మనమే. కుట్టుమిషన్లో దారం ఇరుక్కుంటే స్క్రూడ్రైవరు పట్టుకుని దాని పొట్ట విప్పేదీ మనమే. హాల్లో ట్యూబులైటు మిణుకుమిణుకుమంటే మాత్రం "ఆయన రానీ" అంటాం. ఆయన ఊళ్లో లేకపోతే అబ్బాయి. అబ్బాయి హాస్టల్లో ఉంటే పక్కింటి అబ్బాయి. ఇంట్లో ఎదిగిన కూతురున్నా సరే, స్టూలు ఎక్కమని ఆ పిల్లకు చెప్పం.

గ్యాసు కంటే ట్యూబులైటు ఎక్కువ ప్రమాదమా? కాదని మనకూ తెలుసు. నిండు సిలిండరును నమ్మి అప్పగించిన చేతులకు పది పదిహేను రూపాయల స్టార్టరును అప్పగించడానికి ఎందుకీ జంకు? నాకు తోచిందేమంటే, ఇది భయం కాదు, అలవాటు. వంటింట్లో ఉండే ప్రమాదాలు ఆడవాళ్లవి, వంటింటి గడప దాటితే మగవాళ్లవి అని ఎప్పుడో ఎవరో గీత గీశారు. మనం అడక్కుండానే దాన్ని ఒప్పేసుకున్నాం.

ఎదురుచూపు ఖరీదు

"ఒక్క లైటు కోసం ఇంత రాద్ధాంతం ఎందుకమ్మా?" అనొచ్చు మీరు. నా బాధ లైటు గురించి కాదు, ఆ లైటు కోసం ఎదురుచూడటం గురించి.

మా అనంతపురం సంగతి తెలిసిందే కదా. వాన మొహం చాటేస్తే శెనక్కాయ పంట పోతుంది. పంట పోతే మగవాళ్లు బెంగుళూరు బస్సెక్కుతారు. సెంట్రింగు పనో, వాచ్‌మన్ పనో దొరికితే పండక్కి గానీ తిరిగి రారు. ఇంటి దగ్గర ఆడవాళ్లు, ముసలివాళ్లు, చదువుకునే పిల్లలు మిగులుతారు. అలాంటి ఇంట్లో లైటు పోతే?

మా ఇంట్లో పనికి వచ్చే ఆమె ఒకరోజు మాటల్లో చెప్పింది. "మా ఇంట్లో లైటు పోయి పది దినాలయిందక్కా. మా ఆయప్ప బెంగుళూరికి పనికి పోయినాడు. ఉగాదికొస్తాడు కదా, వచ్చినాక యేస్తాడులే" అంది. ఉగాదికి అప్పటికింకా ఐదు వారాలుంది. కూతురు టెన్త్ చదువుతోంది. రాత్రిళ్లు పుస్తకాలు పట్టుకుని పక్కింటికి పోతోందట. పక్కింటివాళ్లు టీవీ పెట్టుకుంటే అక్కడే ఓ మూలకు కూర్చుని చదువుకుంటోందట. "ఎలక్ట్రీషియన్‌ను పిలవచ్చు కదా?" అంటే, "ఇంతదానికి యాడొస్తారక్కా వాళ్లు? వచ్చినా ఊరికే పోతారా?" అంది. అదీ నిజమే. అర నిమిషం పనికి ఊరు దాటి రావాలంటే ఆ అబ్బాయికీ గిట్టుబాటు కావాలి కదా, అతన్ని అని లాభం లేదు.

ట్యూబు రెండు కొసలూ నల్లబడ్డాయా అని అడిగాను. లేదంది. మెయిన్ ఆపి, ట్యూబును హోల్డర్లో అటూ ఇటూ మెల్లగా తిప్పి చూడమని, చెయ్యాల్సినవీ చెయ్యకూడనివీ చెప్పి పంపాను. మరుసటి రోజు గిన్నెల దగ్గర కూర్చుంటూ, "తిప్పితే వచ్చేసిందక్కా, ఇంతేనా ఇది!" అంది. పది రోజుల చీకటికి కారణం రెండు పిన్నుల మధ్య దుమ్ము.

మా జిల్లాలో లైటంటే చదువొక్కటే కాదు, కూలి కూడా. ధర్మవరంలో చీరలు నేసే ఇళ్లకు వెళ్లి చూడండి. నేసేవాళ్లు పట్టు పోగు తెగితే పట్టుకుని కలపాలంటే మగ్గం మీద వెలుగు పడాలి. రాయదుర్గంలో జీన్స్ కుట్టే ఇళ్లలోనూ అంతే. అక్కడ లైటు ఆగితే పని ఆగుతుంది, పని ఆగితే ఆ పూట కూలి ఆగుతుంది. ఇంటాయన వచ్చేదాకా ఆగుదామంటే కడుపు ఆగుతుందా?

ఇంకో చిత్రం చూడండి. వాన లేదని ఏడ్చే ఈ సీమే ఇప్పుడు కరెంటు పండిస్తోంది. రామగిరి కొండల మీద గాలిమరలు, ఎన్.పి.కుంట దగ్గర పెద్ద సోలార్ పార్కు చూస్తే కళ్లు చెదురుతాయి. 2022లో జిల్లా రెండైనప్పుడు ఆ రెండూ ధర్మవరంతో పాటు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి గానీ ఎండ ఒకటే, గాలి ఒకటే. మన నెత్తిన కాసే ఎండ ఎవరెవరి ఇళ్లలోనో లైటై వెలుగుతోంది. మన ఇంట్లో లైటుకు మాత్రం మనం ఉగాది దాకా ఆగుతాం!

ఆడవాళ్లకు అందని విద్యా ఇది?

"కరెంటు పని ఆడవాళ్లకెందుకు?" అనేవాళ్లకు అయ్యలసోమయాజుల లలిత కథ చెప్పాలి. మద్రాసులో 1919లో పుట్టిన తెలుగింటి పిల్ల. పదిహేనో ఏట పెళ్లి. పద్దెనిమిదో ఏట భర్త పోయాడు, చేతిలో నాలుగు నెలల పసిపాప. ఆ రోజుల్లో అలాంటి పిల్ల జీవితం ఇంట్లో ఓ మూలకు పోవాల్సిందే. కానీ తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. కూతుర్ని అదే కాలేజీలో చేర్పించారు. 1943లో ఆమె ఎలక్ట్రికల్ ఇంజినీరుగా బయటికొచ్చింది. మన దేశంలో ఆ చదువు చదివిన మొదటి మహిళ ఆమే. పట్టా మీద అచ్చైన 'హీ' అన్న మాటను కొట్టేసి 'షీ' అని రాసి ఇవ్వాల్సి వచ్చిందట! తర్వాత కలకత్తాలో ఉద్యోగం చేస్తూ భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లోనూ పాలుపంచుకుంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజినీర్ల తొలి అంతర్జాతీయ సదస్సుకు వెళ్లొచ్చింది.

అది పాత మాట అంటారా? మొన్నటి మాట చెప్తాను. తెలంగాణలో 2019లో లైన్‌మన్ ఉద్యోగాలకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు ఆడవాళ్లకు అవకాశం లేదన్నారు. సిద్దిపేట జిల్లా అమ్మాయి బబ్బూరి శిరీష లాంటివాళ్లు హైకోర్టు తలుపు తట్టారు. స్తంభం ఎక్కే పరీక్ష పెట్టారు. ఎక్కి చూపించింది. 2022లో ఉద్యోగం ఇచ్చారు. స్తంభమే ఎక్కగా లేంది స్టూలు ఎక్కలేమా?

ఇంగ్లండులో అయితే గృహిణులకు కరెంటు పరిజ్ఞానం నేర్పడానికి 1924లోనే ఓ మహిళా సంఘం పెట్టుకున్నారు. కరోలిన్ హాస్లెట్ అనే ఆవిడ దాన్ని నడిపింది. ఫ్యూజు వేయడం, ప్లగ్గు బిగించడం అక్కడి ఆడవాళ్లు ఆ సంఘంలో నేర్చుకున్నారు. ఇది జరిగి వందేళ్లు దాటింది.

మా అనంతపురంలోనూ 1946 నాటి ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ఎలక్ట్రికల్ బ్రాంచిలో ఆడపిల్లలు చక్కగా చదువుతున్నారు. మాకు తెలిసినవాళ్ల అమ్మాయి ట్రాన్స్‌ఫార్మరు గురించి గడగడా చెప్తుంది. ఇంట్లో లైటు పోతే మాత్రం ఇంటరు చదివే తమ్ముడే స్టూలెక్కుతాడు, అక్క కింద నిలబడి టార్చి పట్టుకుంటుంది. తల్లిని అడిగితే "ఆడపిల్ల, పడితే ఎట్ల?" అంటుంది. మగపిల్లవాడు పడితే ఎముకలు విరగవా?

లోపల జరిగేదేమిటి?

ట్యూబులైటు మనం అనుకున్నంత బ్రహ్మవిద్య కాదు. అందులో ముఖ్యమైనవి మూడే. పొడుగ్గా కనిపించే ట్యూబు, ఫిట్టింగులో బరువుగా ఉండే చోకు, చిన్న డబ్బీలా గుండ్రంగా ఉండే స్టార్టరు.

స్విచ్చి వేయగానే స్టార్టరు లోపల ఉన్న రెండు సన్నని లోహపు రేకులు వేడెక్కి, వంగి, ఒకదాన్నొకటి తాకుతాయి. అప్పుడు ట్యూబు రెండు కొసల్లో ఉన్న తీగలు వేడెక్కుతాయి. రేకులు చల్లబడి విడిపోగానే చోకు ఒక్కసారిగా గట్టి తోపు ఇస్తుంది. దాంతో ట్యూబు వెలుగుతుంది. ఆ తర్వాత స్టార్టరుకు పని లేదు. చోకు మాత్రం కరెంటు మరీ ఎక్కువ పారకుండా కాపలా కాస్తూనే ఉంటుంది. పెళ్లి కుదిరాక మధ్యవర్తి తప్పుకున్నట్టు స్టార్టరు తప్పుకుంటుంది, ఇంటి పెద్దలా చోకు చివరిదాకా ఉంటుంది. అంతే కథ.

ఇది తెలిస్తే జబ్బు కనుక్కోవడం తేలిక. లైటు అదే పనిగా కొట్టుకుంటూ వెలగకపోతే ముందు స్టార్టరును అనుమానించాలి. పక్కగదిలో బాగా వెలిగే లైటు స్టార్టరు తీసి ఇక్కడ పెట్టి చూస్తే తేలిపోతుంది. రెండు కొసలూ ఎర్రగా వెలుగుతూ మధ్యలో చీకటిగా ఉంటే స్టార్టరు లోపలి రేకులు అతుక్కుపోయాయన్నమాట. కొసలు బాగా నల్లబడితే ట్యూబుకే వయసైపోయింది. ఏ కదలికా లేకపోతే పిన్నులు వదులయ్యాయేమో, దుమ్ము పట్టిందేమో చూడాలి. ఆషాఢం గాలులకు మా ఊళ్లో దుమ్ము దూరని సందు ఉండదు. గుయ్యిమని రొద చేస్తే చోకు మరలు వదులయ్యాయని అర్థం. ఊరి చివరి ఇళ్లలో వోల్టేజీ బాగా పడిపోయినప్పుడు అన్నీ బాగున్నా లైటు వెలగదు. అప్పుడు ఇంట్లో వస్తువులు మార్చి డబ్బు దండగ చేసుకోవద్దు. ఇక ఎలక్ట్రానిక్ చోకు ఉన్న ఫిట్టింగుల్లో స్టార్టరే ఉండదు, వెతక్కండి.

ధైర్యం కంటే జాగ్రత్త ముఖ్యం

నేర్చుకోమంటున్నానని చీరకొంగు బిగించి ఇప్పుడే స్టూలెక్కేయకండి. కరెంటుకు మన ధైర్యంతో పని లేదు. పగటిపూట, వెలుతురులో చేసుకోండి. గోడ మీద స్విచ్చి ఆపితే చాలదు. కొన్ని ఇళ్లలో వైరింగు తారుమారై, స్విచ్చి ఆపినా ఫిట్టింగులో కరెంటు ఉంటుంది. మెయినే ఆపాలి. ఇన్వర్టరు ఉంటే దాన్నీ ఆపాలి, మెయిన్ ఆపినా అది కరెంటు పంపుతూనే ఉంటుంది. టెస్టరును ముందు కరెంటు ఉన్న చోట పెట్టి వెలుగుతోందని చూసుకుని, ఆ తర్వాతే నమ్మండి. చేతులు తడిగా ఉండకూడదు, కాళ్లకు చెప్పులుండాలి. ఇనుప నిచ్చెన వద్దు. గట్టి చెక్క స్టూలు వేసి, ఒకరు పట్టుకుని నిలబడాలి. స్టార్టరును కాస్త లోపలికి నొక్కి ఎడమవైపు తిప్పితే వచ్చేస్తుంది. ట్యూబును చల్లారనిచ్చి, రెండు చేతులతో పట్టుకుని పావు చుట్టు తిప్పితే పిన్నులు గాడిలోకొచ్చి జారుతుంది.

ఎక్కడ ఆగాలో తెలియడం కూడా విద్యలో భాగమే. కాలిన వాసన వచ్చినా, హోల్డరు కరిగినా, వైరు పైతొడుగు చిట్లినా, గోడ ముట్టుకుంటే జిల్లుమన్నా మెయిన్ ఆపి తెలిసిన ఎలక్ట్రీషియన్‌నే పిలవండి. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు జోలికి అసలు పోవద్దు. అది కరెంటు ఆఫీసువాళ్ల పని, 1912కు ఫోన్ చేయండి. ఇలాంటివి తెలియకపోవడం వల్లే కొందరు అనవసరంగా భయపడతారు, కొందరు అనవసరంగా సాహసం చేస్తారు. రెండూ చేటే.

ఎల్ఈడీలు వచ్చేశాక ఇంకా ఎందుకు?

ఈ ప్రశ్న మా అమ్మాయే వేసింది. నిజమే. 2014లో ఎల్ఈడీ బల్బుల పథకం మన రాష్ట్రంలో మొదలైనప్పుడు తొలి విడత నాలుగు జిల్లాల్లో అనంతపురం కూడా ఉంది. పాత బల్బులిస్తే పది రూపాయలకొకటి చొప్పున రెండు ఎల్ఈడీలిచ్చారు. పాత ట్యూబు చోకుతో కలిపి సుమారు యాభై వాట్లు తింటే, ఎల్ఈడీ ట్యూబుకు ఇరవై వాట్లు చాలు. రోజుకు ఐదు గంటల చొప్పున వేస్తే నెలకు ఏడున్నర యూనిట్లు కాల్చే చోట మూడు యూనిట్లతో సరిపోతుంది. కాబట్టి పాత ట్యూబు పూర్తిగా పోయినప్పుడు ఎల్ఈడీకి మారడమే తెలివైన పని. పాత ఫిట్టింగులోనే ఎల్ఈడీ ట్యూబు పెట్టాలంటే స్టార్టరు, చోకు సంగతి, వైర్ల కలయిక మారాల్సి రావచ్చు. దాన్ని పనివాడి చేతనే చేయించండి. కానీ పక్కనే నిలబడి చూడండి, అడగండి.

పాత ట్యూబులను వదిలించుకోవడంలోనూ మనకు బాధ్యత ఉంది. వాటిలో కొద్దిగా పాదరసం ఉంటుంది. అందుకే మినమాటా ఒప్పందంలో చేరిన దేశాలు 2023లో జెనీవాలో కూర్చుని, 2027 చివరికల్లా వీటి తయారీ, ఎగుమతి, దిగుమతులు ఆపాలని నిర్ణయించుకున్నాయి. మన దేశమూ ఆ ఒప్పందంలో ఉంది. కాబట్టి మాడిపోయిన ట్యూబును దిబ్బ మీద పడేసి, పిల్లలు రాళ్లేసి టప్పుమనిపిస్తుంటే చూసి నవ్వకండి. ఇంట్లో పగిలితే కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి, పావుగంట ఆగండి. చీపురుతో ఊడవకుండా మందపాటి అట్టముక్కతో ఎత్తి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డతో సహా మూత ఉన్న డబ్బాలో వేయండి.

ఎల్ఈడీ అయినా ఏదో ఒకరోజు పోతుంది. అప్పుడూ మెయిన్ ఎక్కడుందో, ఏ స్విచ్చి దేనిదో తెలియాల్సిందే కదా. వస్తువు మారుతుంది గానీ తెలివిడి అదే.

ఇది కూడా మన నెత్తినేనా?

నేనీ మాటలంటుంటే మా స్నేహితురాలు ఒకావిడ చెయ్యి అడ్డం పెట్టింది. "ఊరుకోవే! వంట మనం, పిల్లల చదువు మనం, బ్యాంకు పని మనం. మనకు రాదని చెప్పుకునే పని ఒక్కటైనా మిగలనీ" అంది. నవ్వాను గానీ, ఆ మాట కొట్టిపారేయలేను. నిజంగానే మన ఇళ్లలో ఏ పని నేర్చుకుంటే ఆ పని మన మీద పడుతుంది. స్కూటీ నేర్చుకున్నాక పిల్లల్ని ట్యూషన్‌లో దింపే పని ఎవరిదైందో చెప్పనక్కర్లేదు.

అయినా చేయగలగడం వేరు, చేయాల్సి రావడం వేరు. ఇంట్లో ఆయన ఉంటే హాయిగా ఆయన్నే స్టూలెక్కమనండి, నాకేం అభ్యంతరం లేదు. ఆయన లేనప్పుడు మనం చీకట్లో కూర్చోకూడదన్నదే నా మాట. పని పంచుకోవడం వేరు, రాక ఒకరి మీద ఆధారపడటం వేరు. ఇంకో ముఖ్యమైన మాట. ఈ గీతను ఒకవైపు నుంచే చెరిపితే భారం మనకే మిగులుతుంది, రెండువైపుల నుంచీ చెరపాలి. కూతురికి స్టార్టరు మార్చడం నేర్పిన రోజే కొడుక్కి గ్యాస్ రెగ్యులేటరు బిగించడం, అన్నం వార్చడం నేర్పండి. హాస్టల్లో ఆ పిల్లవాడికి అన్నం దొరక్కపోవడమూ, అత్తారింట్లో ఈ పిల్లకు లైటు వెలక్కపోవడమూ ఒకే జబ్బు.

వేసవి సెలవులు వస్తే మనం పిల్లల్ని హిందీ పరీక్షలకు, సంగీతానికి, కంప్యూటరుకు పంపుతాం. ఈసారి ఒక్క ఆదివారం పొద్దున ఇంట్లోనే క్లాసు పెట్టండి. మెయిన్ ఎక్కడుందో చూపించండి. టెస్టరు చేతికిచ్చి ఎలా పట్టుకోవాలో చెప్పండి. ఆడపిల్ల, మగపిల్లవాడు ఇద్దరినీ కూర్చోబెట్టండి. మీకు తెలియకపోతే తెలిసినవాళ్లను పిలిచి మీరూ కూర్చోండి, ఇందులో చిన్నతనం ఏమీ లేదు. సామాన్ల డబ్బాలో పోపుగింజల పక్కన ఒక టెస్టరు, రెండు స్టార్టర్లు పెట్టుకోండి. ఖర్చు వంద రూపాయలు దాటదు.

మన అమ్మమ్మలు చమురు చూసుకుని, ఒత్తి ఎగదోసి, చిమ్నీ తుడిచి లాంతరు వెలిగించేవాళ్లు. ఇంటికి దీపం పెట్టే పని అప్పుడు వాళ్లదే. ఆ పని ఆడవాళ్లకు కొత్తదేం కాదు. దీపం కాస్త పైకెక్కింది, అంతే. మనమూ ఒక మెట్టు ఎక్కితే సరిపోతుంది.